ఈ పురుగు ఎవురింటిది?

పోయిన ఆదివారం పొద్దున భాకరాపేట దగ్గర మా ఊరి వంకలో పిక్కల లోతు నీళ్ళలో నిలబడి ఒక రాయి పైకి తీశాను. అరచెయ్యంత రాయి. పక్కవైపు పలుచగా పాచి, ఆ పాచి మీద ఆవగింజ కన్నా కాస్త పెద్దగా నత్తగుల్ల లాంటిది ఒకటి అంటుకొని ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అది గుల్ల కాదు, మొత్తం ఇసుక రేణువులే. తెల్లవి, ఎర్రవి, అక్కడక్కడ ఒక నల్లది. మేస్త్రీ రాయి పక్కన రాయి పేర్చినట్టు పేర్చి, సున్నానికి బదులు తన నోటి నుంచి తీసిన పట్టుతో అతికించింది. గుండ్రంగా, సరిగ్గా నత్తలాగే చుట్ట తిరిగి ఉంది. కాసేపు కదలకుండా పట్టుకుంటే అంచులోంచి చిన్న తల, ఆరు కాళ్ళు బయటికొచ్చాయి.

అది క్యాడిస్‌ఫ్లై పిల్ల. పిల్లప్పుడు నీళ్ళలో బతికి, రెక్కలొచ్చాక బయటికి ఎగిరే పురుగు. అందులో హెలికోసైకీ అని ఒక జాతి. 1834లో అమెరికాలో నత్తల మీద పని చేసిన ఐజాక్ లీ ఇలాంటి గుల్లను చూసి కొత్త రకం నత్త అనుకొని, దానికి నత్త పేరే పెట్టాడు. అంత తెలిసినాయనే పొరబడ్డాడంటే అది ఎంత బాగా కట్టుకుంటుందో చూడండి.

ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎందుకంటే ఆ పురుగు అక్కడ ఉండొచ్చని నెల ముందే నోటుబుక్కులో రాసుకున్నాను. అదీ నీడలో కాదు, ఎండ పడే రాళ్ళ మీద అని.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. సెలవు దొరికితే వంకల వెంట తిరుగుతాను. శేషాచలం అడవి 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్, లోపల అనుమతి లేకుండా పురుగును కూడా ముట్టకూడదు. అందుకే అడవి దాటి పల్లెల్లోకి దిగిన వంకల్లోనే చూస్తాను. తెల్ల ట్రేలో నీళ్ళు పోసి, ఫోటో తీసి, మళ్ళీ అదే రాయి దగ్గర వదిలేస్తాను.

మా వంకలకు ఏడాదంతా నీళ్ళుండవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలే వాటికి ప్రాణం. తిరుపతిలో జనం కపిలతీర్థం జలపాతం చూడ్డానికి పోయేది ఆ రోజుల్లోనే. జనవరికి నీళ్ళు తేటబడతాయి, మార్చికి గుంటలు మిగులుతాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు నిలవదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. మొప్పలతో ఊపిరి తీసే పురుగుకు ఆ తేడా చాలా పెద్దది. 2021 నవంబరు వరదలు గుర్తున్నాయి కదా, స్వర్ణముఖి పొంగి ఊళ్ళను ముంచింది. ఆ వానలకే మా వంకలో ఒక మలుపు దగ్గర రాళ్ళన్నీ ఇసుక కింద పడిపోయాయి. రాళ్ళు పట్టుకొని బతికే పురుగులు ఆ మలుపులో ఇప్పటికీ కనిపించలేదు.

కాబట్టి వేడి, నీటి వేగం, రాయా ఇసుకా, నీడ ఎంత, ఇవన్నీ కొలిచి కంప్యూటరుకు ఇస్తే ఏ పురుగు ఎక్కడ ఉంటుందో అంచనా కడుతుంది. బాగా దొరికే పురుగులకు ఇది చక్కగా పనిచేస్తుంది. అరుదైన వాటి దగ్గరే వస్తుంది తంటా. హెలికోసైకీ నాకు అంతకుముందు రెండు చోట్లే దొరికింది, రెండూ చెట్ల నీడలో. రెండు చోట్లను చూసి ఏం నేర్చుకుంటుంది? "దీనికి నీడ కావాలి" అని తేల్చేసింది. నాకు మనసొప్పలేదు.

అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒకామె కొడుకు కనబడలేదని ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. అవ్వ ఆ పిల్లోణ్ణి ఎప్పుడూ చూసింది లేదు. "ఎవురింటి బిడ్డ?" అని ఒక్క మాట అడిగింది. చెప్పగానే, "వాళ్ళ నాయనా ఈతగాడే, వాళ్ళ తాతా ఈతగాడే. బాయికాడ చూడుపోమ్మే" అంది. వాడు బావిలోనే ఈదుతున్నాడు.

పురుగులకూ వంశం ఉంది. ఏది దేనికి చుట్టమో డీఎన్‌ఏ చూసి కట్టిన వంశవృక్షాలు ఇప్పుడున్నాయి. క్యాడిస్‌ఫ్లైలకు దగ్గరి బంధువులు సీతాకోకచిలుకలు. పట్టు తీసే గుణం రెంటికీ ఉంది. నీళ్ళలోనే పెరిగే ఇంకో రకం పురుగులు మేఫ్లైలు, వాటిది ఇంకా పాత ఇల్లు. రెక్కలొచ్చాక కూడా మరోసారి కుబుసం విడిచే పురుగులు ఇప్పుడు అవే. వానాకాలం వీధిలైటు కింద రాలే రెక్కల్లో ఇవీ ఉంటాయి, మనం అన్నిటినీ ఉసిళ్ళనే అంటాం కానీ ఉసిళ్ళు చెదలు.

ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఒట్సో ఒవస్కైనెన్, ఆయన తోటివాళ్ళు 2017లో వివరించిన పద్ధతి ఒకటుంది. పురుగులన్నిటినీ ఒకే లెక్కలో పెట్టి, చుట్టరికాన్ని కూడా అందులో కలుపుతుంది. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుంది. అందులో రో అని ఒక అంకె. అది 0 అయితే ఈ చోటు నచ్చడం, ఆ చోటు నచ్చకపోవడం అన్నదానికి చుట్టరికంతో పనిలేదు. 1 దగ్గరికి వస్తే ఆ ఇష్టాలు వంశంలోనే దిగి వస్తున్నట్టు. అరుదైన పురుగు గురించి తన లెక్క చాలనప్పుడు, దగ్గరి చుట్టాల లెక్క నుంచి కొంత అరువు తెచ్చుకుంటుంది. మా వంకల్లో రాళ్ళ మీద పాచి గీక్కుతినే క్యాడిస్‌ఫ్లైలు ఎండ పడే చోట్ల చాలానే ఉన్నాయి. పాచి పెరగాలంటే ఎండ కావాలి కదా. వాటిని చూశాక హెలికోసైకీ అంచనా నీడ వదిలి ఎండలోకి జరిగింది. అమెరికాలో దాని జాతివాళ్ళు వేడినీటి ఊటల్లో కూడా బతుకుతున్నారని చదివి ఇంకొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

అన్నిసార్లూ ఇలా కుదరదు. బేటిడే అని మేఫ్లైలలో ఒక కుటుంబం. ఒక తల్లి బిడ్డల్లాగే కనిపిస్తాయి, కానీ ఒకటి తేట నీళ్ళు తప్ప ముట్టదు, ఇంకొకటి మురికిలోనూ సర్దుకుంటుంది. ఇంకో దెబ్బ డిసెంబరులో తగిలింది. ఒక కల్వర్టు దగ్గర బల్లపరుపు మేఫ్లై తప్పకుండా ఉంటుందని లెక్క చెప్పింది. రాళ్ళు బాగున్నాయి, వేగం బాగుంది, చుట్టాలంతా అలాంటి చోటే ఉన్నారు. గంటన్నర వెతికినా ఒక్కటి లేదు. రాళ్ళ కింద ఎర్రగా, దారపు ముక్కల్లా మెలికలు తిరిగే కైరోనమిడ్ పురుగులు మాత్రం కుప్పలు. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, ప్రాణవాయువు తగ్గినా తట్టుకుంటాయి. పైకి నడిచి చూస్తే కోళ్ళ షెడ్డు కడిగిన నీళ్ళు వంకలోకి కాలువ కట్టి ఉన్నాయి. ఆ సంగతి నేను లెక్కలో పెట్టలేదు. పెట్టకపోతే ఏ వంశవృక్షమైనా ఏం చెబుతుంది? నాకు దుఃఖం వచ్చింది, లెక్క తప్పినందుకు కాదు. అప్పటి నుంచి ప్రతి చోటా ఆక్సిజన్ కొలుస్తున్నాను, పైకి కూడా నడుస్తున్నాను.

ఆదివారం నాతో వచ్చిన మా స్టూడెంట్ ఒకమ్మాయి ఆ ఇసుక గుల్లను ట్రేలో చూస్తూ, "మేడమ్, ఇది నీడలోది ఎండలోది ఒకటేనా?" అనడిగింది. మంచి ప్రశ్న. చూడ్డానికి ఒకటే, డీఎన్‌ఏ చూస్తే రెండు వేరే రకాలు కావచ్చు. అప్పుడు నా అంచనా నిజమైందా లేదా అన్నది మళ్ళీ మొదటికొస్తుంది. దానికి అనుమతి కాగితం రాస్తున్నాను. రాయిని పాచి ఉన్న వైపు పైకి, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి, పక్కన గట్టు మీద గుర్తుకు ఒక పలక నిలబెట్టి వచ్చాం. ఫిబ్రవరిలో నీళ్ళు ఇంకా ఉంటే మళ్ళీ వెళ్ళాలి.