సీడీల డబ్బా తెరిచాక

విజయవాడలో మాది చిన్న పుస్తక ప్రచురణ కార్యాలయం. గత వేసవిలో పాత కంప్యూటర్ మొరాయించడంతో, ఇరవై ఏళ్ల ఫైళ్లను ఎక్కడ దాచాలో తేల్చే పని నా మీద పడింది. పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి కొని అన్నీ అందులోకి ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను.

ముందు బీరువాలోని సీడీలు తీశాను. ఇంట్లో, ఆఫీసులో రాసుకునే సీడీల్లో సమాచారం పలుచని రంగు పొర మీద నిలుస్తుంది. వేడికి, వెలుతురుకి అది చెడిపోతుంది. మా బీరువా ఉన్నది పడమటి గోడకు ఆనుకుని! కొన్ని సీడీలు ఒక డ్రైవ్‌లో మొండికేసి మరో డ్రైవ్‌లో తెరుచుకున్నాయి. తొమ్మిది ఎక్కడా తెరుచుకోలేదు. వాటిలో ఒకటి, ఇప్పుడు మన మధ్య లేని ఒక రచయిత కథల సంపుటి. మా దగ్గర మిగిలింది ఒక్క అచ్చు ప్రతి. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తెరుచుకున్న ఫైళ్లతో ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. అవన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ‘అమ్మ’ అన్న మాట కూడా అర్థంలేని గుర్తుల వరుసే. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మా అచ్చు పని చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇండిజైన్ సైతం ‘సీఎస్6’ తరువాతి కూర్పుల్లో పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవడం మానేసింది. కంపోజింగ్ చేసే మా ఉద్యోగిని అడిగింది: “వీటిని ఇలాగే డిస్క్‌లో పెడితే, నేను ఉద్యోగం మానేశాక ఎవరు చదువుతారు సార్?”

దానితో నా ఆలోచనే మారింది. ప్రతి పుస్తకాన్నీ మూడు రూపాల్లో ఉంచాలని నిర్ణయించాం: ఫాంట్లు లోపలే ఇమిడి ఉండే పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం, ఫాంట్లతో సహా అసలు ఫైలు. మార్పిడిలో వత్తులు పక్క అక్షరానికి అతుక్కుంటున్నాయి కాబట్టి ప్రూఫు మళ్లీ చూడక తప్పదు. ఈ శ్రమ తప్పించుకునే దారి నాకు కనిపించలేదు, తప్పించుకోవాలనీ లేదు. దిద్దుబాట్ల మధ్య పుట్టిన నకళ్లను తీసేశాం. జీఎస్‌టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కనుక వాటిని ముట్టుకోలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోని సింగ్ నగర్ మునగడం చూసినవాణ్ని. అందుకే రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి హైదరాబాద్‌లో మా అక్కయ్య ఇంట్లో పెట్టించాను. చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ వద్దన్నాను, కరెంటు అందకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. రెండు వందల పేజీల పుస్తకం పాఠం ఒక ఎంబీకి అటూఇటూగా ఉంటుంది కాబట్టి, పాఠాలను మాత్రం క్లౌడ్‌లోనూ దాచాం. ఆరు నెలలకోసారి డిస్కులు తెరిచి చూడాలని క్యాలెండర్‌లో రాసుకున్నాను.

పోయిన కథల సంపుటిని అచ్చు ప్రతి చూసి మళ్లీ కంపోజ్ చేయిస్తున్నాం. ఇప్పటికి నాలుగు కథలు పూర్తయ్యాయి.