కొత్త బోర్డు, నల్ల తెర

ఎనిమిదేళ్ల పాత కంప్యూటర్‌కి గుండె మార్పిడి చేద్దామని మొన్న శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి మదర్‌బోర్డు, ప్రాసెసర్, రెండు 16 జీబీ డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ స్టిక్కులు తెచ్చుకున్నా. కేబినెట్, హార్డ్‌డిస్క్ మాత్రం పాతవే. పొదుపు మరి.

అన్నీ బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసున్న చోట చిన్న పసుపు లైటు, అంటే ర్యామ్ దగ్గరే ఏదో తేడా. పది సెకన్లు చూసి ఆపేశా. మళ్లీ వేశా, మళ్లీ ఆపేశా. ఇలా నాలుగుసార్లు. మా ఆవిడ తొంగిచూసి, "పాతది బానే ఉండేదిగా" అని వెళ్లిపోయింది.

తప్పు నాదే. ఉన్న నాలుగు స్లాట్లలో ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగులో పెట్టాల్సిన స్టిక్కుల్ని ఒకటి, రెండులో పెట్టా. పైగా తొందర. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ అయినప్పుడు ర్యామ్‌తో సిగ్నళ్ల టైమింగ్ సరిచూసుకుంటుంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే. ఈసారి స్లాట్లు మార్చి, స్విచ్ వేసి, వెళ్లి టీ పెట్టుకున్నా. కప్పుతో తిరిగొచ్చేసరికి బయోస్ తెర, అంటే బోర్డు సొంత సెట్టింగుల పేజీ!

విండోస్ మాత్రం రాలేదు. డిస్క్ ఎప్పుడో ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసింది. కొత్త బోర్డు కంప్యూటర్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త తరహాలో మొదలుపెడుతుంది, అందులో విండోస్ లేవాలంటే డిస్క్ జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి. ముందు ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్‌ని జీపీటీకి మార్చే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంబీఆర్2జీపీటీ కమాండ్ నడిపా. రాత్రి పదకొండుకి డెస్క్‌టాప్ వచ్చింది.

కింద మూలన 'విండోస్ యాక్టివేట్ చేయండి' అని కూడా వచ్చింది. పాత లైసెన్స్ పాత బోర్డుకే ముడిపడి ఉంది, దాంతోనే పోయింది.