దాళ్వా నీరు ఎక్కడిది?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాళ్వా, అంటే రబీ వరి, వేసిన మా కోనసీమ చేలలో నిలిచి ఉండే నీటిని గోదావరి తనంతట తానుగా తెచ్చిందని చెప్పడానికి వీల్లేదు. అప్పటికి నదిలో సహజ ప్రవాహం సన్నగిల్లిపోతుంది కనుక, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు తిప్పి విడిచిన నీరు ఉపనది శబరి మీదుగా గోదావరిలోకి దిగి, ధవళేశ్వరం దగ్గర కాలువలకెక్కితే తప్ప దాళ్వా గట్టెక్కడం కష్టం. వానాకాలంలో తూర్పు కనుమల్లో కురిసిన చినుకు ఎండాకాలం మొదట్లో మా బోదెల్లోకి, అంటే చేలకు నీరందించే పిల్ల కాలువల్లోకి, రావాలంటే, ముందు ఎక్కడో కరెంటు అవసరం పడాలన్నమాట. వంతులవారీ తడి కోసం శివారు రైతులు రాత్రిళ్లు బోదె గట్ల మీద కాపలా ఉండటం చూసినవారికి, బడి పుస్తకంలోని జలచక్రం బొమ్మలో సముద్రం, మబ్బు, కొండలతో పాటు లాకు దగ్గర కాలువ నీటిని వదిలే లస్కరును కూడా గీయాలనిపిస్తుంది.

ఇది నిన్న మొన్నటి మార్పు కాదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారిన మేరకు, వేసవికి ముందు ఎండి ఉండవలసిన నేల నుంచి కూడా ఆవిరి లేవడం మొదలైంది. ప్రపంచమంతటా మనుషులు నదుల నుంచి, భూగర్భం నుంచి తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతుంది. అందులో పెద్ద భాగం తిరిగి నదిని చేరకుండా పైరు మీదుగా గాలిలో కలుస్తుంది. ఆ గాలి కూడా మునుపటిది కాదు, వేడెక్కింది; ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన వరదను ఆ ఒక్క లెక్కకే కట్టేయను గాని, కురిసినప్పుడు కుంభవృష్టిగా కురిసే అవకాశం పెరిగిందన్నది మాత్రం నిజం.

నీటి కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఒండ్రు. జాయక్వాడి, శ్రీరాంసాగర్ మొదలుకొని ఎగువన కట్టిన జలాశయాల అడుగున మట్టి ఆగిపోతున్న కొద్దీ, ఎర్రనీరు వచ్చినా అందులో డెల్టాకు దక్కే మేట తగ్గుతోంది, తీరంలో పలుచోట్ల కడలి కోతకు అదీ ఒక కారణం. విచిత్రమేమిటంటే, ప్రపంచంలోని జలాశయాలన్నీ కలిసి నిలిపిన నీటి వల్ల గత శతాబ్దంలో సముద్రమట్టం పెరుగుదల సుమారు 3 సెంటీమీటర్లు తగ్గిందని అంచనా. బోర్లతో తోడిన నీరు మాత్రం చాలావరకు చివరికి సముద్రంలోనే చేరి ఆ మట్టాన్ని పెంచుతోంది.

తీరానికి దగ్గరగా ఎక్కువగా తోడినచోట ఆ ఖాళీలోకి ఉప్పునీరు జరుగుతుంది; రొయ్యల చెరువుల ఊట దానికి తోడవుతుంది. బోరు నీరు నోట పెట్టుకోలేని ఊళ్లలో, వేసవికి కాలువలు కట్టేసేలోగా మంచినీటి చెరువు నింపుకోవడమే పంచాయతీకి అన్నిటికన్నా ముఖ్యమైన పని.