దీపాలు పెట్టాక తోడు ఇవ్వరట

పోయిన నెల దవడ పన్ను వాచి ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడాను. మూడో రోజుకి పన్ను నెమ్మదించింది, పొట్ట మొదలెట్టింది. మీటింగ్ మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లాల్సి వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. డాక్టరుగారు ఫోన్‌లో, "కోర్సు ఆపకండి, ఓఆర్ఎస్ తాగండి, జ్వరం వచ్చినా రక్తం పడినా వెంటనే రండి" అన్నారు. భీమవరం నుంచి అమ్మది ఒకటే పాట: "ఇంట్లో తోడేసిన పెరుగన్నం తినవే."

ఫ్రిజ్‌లో తోడు లేదు. గ్లాసు పట్టుకుని కింద ఫ్లాట్ పిన్నిగారి దగ్గరికి వెళ్తే, "దీపాలు పెట్టేశాక తోడు ఇవ్వకూడదమ్మా, పొద్దున్నే రా" అన్నారు. అమ్మకి మళ్లీ ఫోన్. "పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వెయ్యి." పాలు కాచి, చిటికెన వేలు పెట్టి చూసి, గోరువెచ్చగా అయ్యాక వేశాను. తొడిమలకి అంటుకుని ఉండే బాక్టీరియా పాలలోని చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, ఆ పులుపుకి పాలు బిగుసుకుంటాయి.

నిద్ర పట్టక పొట్ట గురించి చదువుతూ కూర్చున్నాను. మన ఒంట్లో బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనకి అరగని పీచు వాటికి భోజనం. దాన్ని పులియబెట్టి అవి తయారుచేసే బ్యూటిరేట్ పేగు గోడ కణాలకి ముఖ్యమైన ఇంధనం. పైగా చోటంతా ఆక్రమించుకుని చెడ్డ క్రిములని దిగనివ్వవు. పన్ను కోసం వేసుకున్న మాత్రకి ఇవేవీ తెలియవు కదా, అన్నిటినీ కొట్టుకుంటూ పోతుంది.

అలాగని నాకు యాంటీబయాటిక్ మీద కోపం లేదు. మా భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతోనే పోయారు. ఇప్పుడు ఆ జబ్బుకి ఇచ్చేవి ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఆయన ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ల్యాబ్ 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, 1948లో మొదటి టెట్రాసైక్లిన్ ఆరియోమైసిన్‌ని తెచ్చింది. ఇంకో తమాషా, ఆ ఫోలిక్ యాసిడ్‌ని వాళ్లు పట్టుకున్నది లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా ఎంత పెరుగుతోందో చూసుకుంటూ. అంటే మన పెరుగు బాక్టీరియాకి దగ్గరి చుట్టమే!

అమ్మకి చెప్పని సంగతి ఒకటుంది. పెరుగులోవి పేగులో కాపురం పెట్టవు, చుట్టపుచూపుగా వచ్చి పోతాయి. అక్కడ స్థిరపడ్డవాటికి కావలసింది ఆకుకూర, పప్పు, చద్దన్నం. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరక్కుండా నేరుగా పెద్దపేగు దాకా వెళ్తుంది. మోషన్లు తగ్గాక పొద్దున్నే చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ. మంచి బాక్టీరియా నింపి అమ్మే ప్రొబయాటిక్ క్యాప్సూల్స్ డబ్బా కొనలేదు. ధర చూస్తే రెండు నెలల పాలు వస్తాయి.

తొడిమల పెరుగు మొదటిరోజు నీళ్లగా ఉండి తీగలు సాగింది. దాంతోనే మళ్లీ తోడేస్తే పర్వాలేదు. ఈలోగా పిన్నిగారు పొద్దున్నే గిన్నెలో తోడు తెచ్చిచ్చారు. ఇప్పుడు ఫ్రిజ్‌లో రెండు గిన్నెలు. పిన్నిగారిదే గడ్డగా ఉంటోంది. అమ్మకి అదీ చెప్పలేదు.