ఎనిమిదేళ్ల ఖాళీ గడి

మా నాన్నని ఊళ్లో అందరూ మిలిటరీ తాతగారు అంటారు. మిలిటరీ పింఛను మాత్రం వచ్చేది కాదు. "ఏడేళ్లకే వచ్చేశానురా, పదిహేనేళ్లు చెయ్యందే ఇవ్వరు" అని ఆయనే అనేవారు. 1965 జనవరిలో చేరారు, డెబ్బై ఒకటి యుద్ధం ముగిశాక 1972లో ఇంటికొచ్చారు. మాకు తెలిసిన లెక్క అంతే.

2022 సంక్రాంతికి తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో చుట్టాలింటికి వెళ్లాం. మిలిటరీ మాధవరం అంటారే, ఆ ఊరే. అక్కడ అరుగు మీద ఒక రిటైర్డ్ సుబేదారుగారు నాన్నని పలకరించి, "కలర్ ఎంత, రిజర్వ్ ఎంత?" అని అడిగారు. నాన్న టక్కున "సెవెన్ అండ్ ఎయిట్ సార్" అన్నారు. యాభై ఏళ్లొచ్చిన నేను ఆ మాట వినడం అదే మొదలు.

ఆ రోజుల్లో చాలామందిని రెండు ముక్కల ఒప్పందం మీద తీసుకునేవారు. కొన్నేళ్లు యూనిట్‌లో ఉద్యోగం, అది కలర్ సర్వీస్. తర్వాత కొన్నేళ్లు ఇంటి దగ్గరే ఉండి, పిలుపొస్తే పెట్టె సర్దుకుని వెళ్లాలి, అది రిజర్వ్. రెండూ కలిసి పదిహేనేళ్లు నిండితే రిజర్విస్ట్ పింఛను ఉంటుంది. 1961 నాటి ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్స్‌లో 155వ నిబంధన అదే. సిపాయికి వచ్చే కనీస పింఛనులో మూడింట రెండు వంతులు ఇవ్వాలని అందులో ఉంది. అది వద్దనుకున్నవాళ్లు బదులుగా గ్రాట్యుటీ తీసుకోవచ్చు. సుబేదారుగారు అడిగిన రెండో ప్రశ్న దాని గురించే. 1980లో రిజర్వ్ నుంచి వదిలేసినప్పుడు పైసా ముట్టలేదని నాన్న చెప్పారు. "అయితే ఇంకేం, రాయించండి" అన్నారాయన.

రాయించడానికి నాన్నే ఒప్పుకోలేదు. "ఇంట్లో కూర్చుని కొబ్బరి దింపులు తీయించుకున్నదానికి పింఛనేంట్రా, సిగ్గుచేటు" అన్నారు. మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆ ఎనిమిదేళ్లలోనే మా బాబాయి మస్కట్ వెళ్లాడు. నాన్నకీ మస్కట్ రమ్మని పిలుపొచ్చింది. ఆర్మీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లాలి కదా అని ఈయన కదల్లేదు. "మీ తమ్ముడు మేడ కట్టాడు, మనం పెంకుటింట్లోనే ఉన్నాం. ఊరికే కూర్చున్నారా మీరు?" అంది అమ్మ. ఆ మాటకి నాన్న దగ్గర జవాబు లేదు.

ఇక కాగితాల వేట. మాది గోదావరి పాయ వైనతేయ పక్కన లంక ఊరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. నాన్న ట్రంకుపెట్టె రెండు రోజులు నీళ్లలోనే ఉంది. డిశ్చార్జి పుస్తకం మిగిలింది కానీ సిరా కారిపోయింది. నంబరు, చేరిన తేదీ, కలర్ సర్వీసు చదవొచ్చు. రిజర్వ్ పేజీ మొత్తం నీలం మరక.

ఫిబ్రవరిలో ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పెట్టాం. నాలుగు నెలలకి జవాబొచ్చింది. పింఛను లేని సైనికుల సర్వీసు పత్రాలు పాతికేళ్లు దాటితే నాశనం చేస్తారట, నాన్నవీ చేసేశారట. ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. పింఛను లేదు కాబట్టి కాగితాలు తీసేశారు, కాగితాలు లేవు కాబట్టి పింఛను ఇవ్వరు. తప్పు ఎవరిదని అడగాలో కూడా తెలియలేదు. జూలైలో మళ్లీ గోదావరి పొంగి కాజ్‌వే మునిగిపోయింది. పది రోజులు ఊరు కదలకుండా ఆ ఉత్తరాన్నే చూస్తూ కూర్చున్నాం.

ఫోన్ చేస్తే సుబేదారుగారు నవ్వారు. "షీట్ రోల్, అంటే మనిషి సర్వీసు పత్రాలు, తగలబెడతారు బాబూ. లాంగ్ రోల్, అంటే అందరి పేర్లూ ఎక్కించే రిజిస్టరు, తగలబెట్టరు. అది ఎప్పటికీ ఉండాలి. దాని నకలు అడుగు" అన్నారు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే: మీ కాగితాలు లేవంటే అక్కడితో ఆగకండి, లాంగ్ రోల్ అని పేరు పెట్టి అడగండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి అడిగాను. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో చెప్పాలి. ఇరవై ఏడో రోజున కవరు వచ్చింది.

ఒకే ఒక్క పేజీ. చేరిన తేదీ ఉంది. 1972లో రిజర్వ్‌కి బదిలీ అయిన తేదీ ఉంది. డిశ్చార్జి అన్న గడి ఖాళీ. రిజర్వ్‌లోకి వెళ్లిన మనిషి తిరిగి ఎప్పుడు బయటికొచ్చాడో ఎవరూ ఎక్కించలేదు. కాగితం ప్రకారం మా నాన్న డెబ్బై ఆరేళ్ల వయసులో ఇంకా రిజర్వ్‌లోనే ఉన్నారు. ఆయన మాత్రం మహా సంతోషపడి, "పిలుస్తారేమో, బూట్లు ఎక్కడున్నాయ్?" అన్నారు.

1980 తేదీకి రుజువు కావాలి. ఆ ఏడాది ఏం చేశారని నాన్నని గుచ్చి గుచ్చి అడిగితే, బ్యాంకులో వాచ్‌మన్ ఉద్యోగం కోసం కాకినాడలో సైనికుల ఆఫీసులో పేరు రాయించుకున్నానన్నారు. ఆ ఉద్యోగం రాలేదు. యానాం మీదుగా కాకినాడ బస్సెక్కాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పాత కార్డులన్నీ ఒక ఇనప బీరువాలో ఉన్నాయి. అటెండరుగారు దుమ్ము దులిపి ఒక్కొక్కటీ తీస్తుంటే మధ్యాహ్నం దాటింది. "ఇదేనాండీ?" అని చూపించారు. వేలిముద్రంత ఫోటో, మీసాలతో నాన్న. కింద రిజర్వ్ నుంచి డిశ్చార్జి తేదీ, అప్పట్లో చూసిన సర్టిఫికెట్ నంబరు. నకలు తీసి అధికారి ధ్రువీకరించి సంతకం చేశారు. ఆ పూట సుబ్బయ్యగారి హోటల్లో భోజనం చేశాం, నాన్న రెండుసార్లు పెరుగు వేయించుకున్నారు.

తర్వాత జరిగింది టెన్షనే గానీ చెప్పుకోదగ్గదేం కాదు. లాంగ్ రోల్‌లో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉందని ఫైలు ఒకసారి వెనక్కొచ్చింది. ఇద్దరూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి, తాసిల్దారు ధ్రువపత్రం జతచేసి మళ్లీ పంపాం. గ్రాట్యుటీ ముట్టలేదని నాన్న విడిగా రాసిచ్చారు. డిశ్చార్జి గడి నింపి, సర్వీసు పదిహేనేళ్లుగా సరిదిద్ది, రికార్డ్స్ వాళ్లు ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ కార్యాలయానికి పంపించారు. 2023 చివర్లో మిలిటరీ పింఛన్ల స్పర్శ్ పోర్టల్లో పీపీఓ, అంటే పింఛను మంజూరు ఉత్తర్వు, కనిపించింది.

నలభై మూడేళ్ల బకాయి వస్తుందని ఊళ్లో వదంతి పుట్టింది. అలా రాదు. ఇంత ఆలస్యంగా అడిగిన కేసుల్లో బకాయి మూడేళ్లకే పరిమితమని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. మాకూ అర్జీకి ముందు మూడేళ్ల లెక్కే కట్టారు. నాకు మండింది, నాన్నకి కాదు. నేను పీపీఓలో ముందు చూసింది అమ్మ పేరు, పుట్టిన తేదీ. అందులో ఒక్క అక్షరం తేడా ఉన్నా రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి ఆవిడ ఈ తిరుగుడంతా తిరగాలి. సరిగ్గానే ఉన్నాయి.

నాన్న మాత్రం డబ్బు సంగతి అడగలేదు. మొత్తం సర్వీసు ఉన్న లైను చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. ఆ సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ ప్రింటు మడతపెట్టి జేబులో పెట్టుకుని, మస్కట్ బాబాయి మేడకి బయల్దేరారు.