బరువెత్తే చేతిలో బలం ఎక్కడ పుడుతుంది?

డంబెల్ పట్టుకుని మోచేయి మడిచినప్పుడు దండచేతి కండరం ఉబ్బి గట్టిపడటం కంటికి కనిపిస్తుంది గానీ, ఆ బలం పుట్టే చోటు కండర కణాల లోపల ఉంటుంది. అక్కడ యాక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ల తంతువులు ఒకదాని సందుల్లో ఒకటి అమరి ఉంటాయి. కండరం కుదించుకున్నప్పుడు ఈ తంతువులు పొట్టివి కావు; ఒకదాని పక్కగా మరొకటి లోపలికి జారుతాయి. శాస్త్రవేత్తలు ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే ఒక జట్టుగా, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో జట్టుగా 1954లో ఈ విషయాన్ని విడివిడిగా ప్రకటించారు.

నాడి నుంచి సంకేతం అందగానే కణంలో నిల్వ ఉన్న కాల్షియం విడుదలై, యాక్టిన్ మీద మయోసిన్ పట్టుకోవలసిన చోట్లను కప్పి ఉంచిన ప్రోటీన్‌ను పక్కకు జరుపుతుంది. అప్పుడు మయోసిన్ తలలు, తాడును చేయి మార్చి చేయి లాగినట్టు, యాక్టిన్‌ను పట్టుకుని లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఆ వదలడమే, ఎందుకంటే పట్టు విడవాలంటే మయోసిన్‌కు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు కొత్తగా ఒకటి అందాలి. మరణించిన తరువాత శరీరం బిగుసుకుపోవడానికి కారణం కూడా ఏటీపీ అడుగంటి ఆ పట్లు విడవకపోవడమే.

ఒక నాడీకణమూ, అది నడిపే కండర కణాలూ కలిసి ఒక మోటార్ యూనిట్ అవుతాయి. తేలిక బరువుకు చిన్న యూనిట్లు చాలు. బరువు పెరిగినా, అలసట కమ్ముకొస్తున్నా నాడీవ్యవస్థ పెద్దవాటిని కూడా వరుసగా రంగంలోకి దించుతుంది. సాధన మొదలుపెట్టిన తొలి వారాల్లో చేతి చుట్టుకొలత అంతగా మారకపోయినా ఎత్తే బరువు పెరగడానికి ప్రధాన కారణం, నాడీవ్యవస్థ ఈ యూనిట్లను మరింత సమర్థంగా వాడుకోవడం నేర్చుకోవడమే. అందుకే టేపుతో కొలుచుకుని నిరాశపడి అప్పుడే మానేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. వారి బలం అప్పటికే పెరగడం మొదలై ఉంటుంది.

బరువును దించడాన్ని చాలామంది విశ్రాంతిగా భావించి చేతిని ఒక్కసారిగా వదిలేస్తారు. నిజానికి దించేటప్పుడు సాగుతూ పనిచేసే కండరం, కుదించుకుంటూ ఎత్తగలిగిన దానికన్నా ఎక్కువ బరువును నిలువరించగలదు, అదీ తక్కువ శక్తి ఖర్చుతో. అలవాటులేని కండరం మరుసటి రోజో, ఆ మరునాడో నొప్పి పెట్టడానికి ముఖ్య కారణం కూడా ఈ దించే దశే కాబట్టి, కొత్తగా మొదలుపెట్టినవారు తక్కువ బరువు తీసుకుని, దాన్ని అదుపులో ఉంచుకుంటూ నెమ్మదిగా దించడం మేలని నా అభిప్రాయం.