ప్రాక్సిస్ లాంటి చందమామ పేలాలంటే గని ఏ వైపున ఉండాలి?

1991లో వచ్చిన ‘స్టార్ ట్రెక్ 6: ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ’ సినిమా మొదట్లోనే ప్రాక్సిస్ పేలిపోతుంది. క్లింగాన్లనే గ్రహాంతర జాతి సొంత గ్రహం క్రోనోస్ చుట్టూ తిరిగే చందమామ అది, వాళ్ల ఇంధన ఉత్పత్తికి ఆయువుపట్టు. మితిమీరి తవ్వడం, తగిన జాగ్రత్తలు తీసుకోకపోవడం వల్లే పేలిందని, ఓజోన్ దెబ్బతిని 50 ఏళ్లలో ఆక్సిజన్ అయిపోతుందని సినిమాలో చెబుతారు. కథకు ఇది గొప్ప ఎత్తుగడ. ఒక సామ్రాజ్యం యుద్ధం మానుకుని సంధికి రావడానికి ఇంతకంటే గట్టి కారణం దొరకడం కష్టం. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాస్తూ ఇలాంటి సంఘటన పెట్టాలనుకునేవాళ్లకు పనికొచ్చే లెక్కలు ఇవి. సులువు కోసం గ్రహం భూమిలాంటిదే, నక్షత్రం మన సూర్యుడిలాంటిదే అనుకుందాం.

ముందు సైజు తేల్చుకోవాలి. చందమామను పూర్తిగా చెల్లాచెదురు చేయడానికి కావాల్సిన శక్తి 3GM²/5R (G గురుత్వ స్థిరాంకం, M చందమామ ద్రవ్యరాశి, R దాని వ్యాసార్ధం). మన చంద్రుడికైతే అది 1.2 × 10²⁹ జౌళ్లు, అంటే సూర్యుడు అన్ని దిక్కులకూ వెదజల్లే శక్తిని దాదాపు ఐదున్నర నిమిషాలు పోగు చేసినంత. మామూలు పదార్థాన్ని తాకగానే దానితో సహా పూర్తిగా శక్తిగా మారిపోయే యాంటీమ్యాటర్‌తో చేద్దామన్నా 70 కోట్ల టన్నులు కావాలి. గనిలో జరిగే ఏ ప్రమాదమూ ఆ దరిదాపులకు రాదు. అయితే సాంద్రత మారనంతవరకు ఈ శక్తి వ్యాసార్ధపు ఐదో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. వ్యాసార్ధం 200 కి.మీ. అనుకుంటే 2.5 × 10²⁴ జౌళ్లకు దిగుతుంది, 14 వేల టన్నుల యాంటీమ్యాటర్ సరిపోతుంది. నక్షత్రాల మధ్య ఓడలు నడిపేవాళ్ల దగ్గర అంత నిల్వ ఉందంటే పాఠకుడు నమ్ముతాడు. ఇంత చిన్న రాతి చందమామ నిండు గుండ్రంగా ఉండదు. వెస్టా గ్రహశకలంలా అక్కడక్కడా సొట్టలుంటాయి, వర్ణనలో అది మరిచిపోకండి.

చిన్నదైనా ఆకాశంలో పెద్దగా కనబడాలంటే దగ్గరికి తేవాలి. గ్రహ కేంద్రం నుంచి 60,000 కి.మీ. దూరం నాకు బాగా నచ్చిన చోటు. అక్కడ అది 0.43 డిగ్రీల వెడల్పుతో, మన చంద్రుడికి కొంచెం తక్కువగా కనిపిస్తుంది. ఒక చుట్టుకు 40.6 గంటలు పడుతుంది. గ్రహం మీద రోజు 24 గంటలైతే, ఒకసారి ఉదయించాక మళ్లీ ఉదయించడానికి 58 గంటలు. ఒక్కసారి వచ్చిందంటే 27 గంటలు ఆకాశంలోనే ఉంటుంది, ఆ ఒక్క ప్రయాణంలోనే కళల చక్రంలో మూడింట రెండొంతులు గడిచిపోతుంది. కక్ష్య వాలు 6 డిగ్రీల లోపైతే ప్రతి చుట్టులోనూ గ్రహణమే, గంటా ఇరవై నిమిషాల దాకా. 42,000 కి.మీ. కంటే లోపల మాత్రం పెట్టొద్దు. అక్కడ అంగారకుడి చందమామ ఫోబోస్ లాగా క్రమంగా గ్రహం వైపు దిగజారుతూ ఉంటుంది.

ఇక అసలు విషయం. చందమామ పగిలితే ముక్కలన్నీ గ్రహం మీద పడతాయనుకోవడం చాలా కథల్లో కనబడే పొరపాటు. పడవు. ముక్కలు కూడా చందమామ వేగంతోనే, సెకనుకు 2.58 కి.మీ. వేగంతో తిరుగుతుంటాయి. ఈ చందమామ పలాయన వేగం, అంటే దాని ఆకర్షణను వదిలించుకోవడానికి కావాల్సిన వేగం, సెకనుకు 273 మీటర్లే. కాబట్టి పేలుడు దాన్ని విడగొట్టడానికి చాలినంతే ఉంటే, శిథిలాలు కొద్ది రోజుల్లో కక్ష్య పొడవునా పరుచుకుంటాయి, గ్రహం జోలికి రావు. కిందికి రావాలంటే ముక్క సెకనుకు 1.45 కి.మీ. వేగంతో ప్రయాణ దిశకు వ్యతిరేకంగా ఎగరాలి. సరిగ్గా అలా ఎగిరిన ముక్క 8 గంటల 20 నిమిషాలకు వాతావరణాన్ని తాకుతుంది. ఈ ఎనిమిది గంటలు కథకుడికి వరం: ఖాళీ చేయించడం, పుకార్లు, అబద్ధపు ప్రకటనలు, అన్నీ ఇందులో పడతాయి.

అందుకే గని ఎక్కడుందో ముఖ్యం. ఇంత దగ్గరి చందమామ ఎప్పుడూ ఒకే ముఖం గ్రహానికి చూపిస్తుంది, కాబట్టి ప్రయాణ దిశను బట్టి దానికి శాశ్వతంగా ఒక ముందు వైపు, ఒక వెనక వైపు ఉంటాయి. గని వెనక వైపున పేలితే శకలాలు వేగం కోల్పోయి గ్రహం మీదికి వస్తాయి. ముందు వైపున పేలితే వేగం పుంజుకుంటాయి, అదనంగా సెకనుకు 1.07 కి.మీ. చేరితే చాలు, గ్రహాన్నే వదిలి పోతాయి. గనికి చోటు ఎంచిన ఇంజనీర్లు ఈ సంగతి ఎత్తితే పైవాళ్లు పట్టించుకోలేదని రాస్తే, నిర్లక్ష్యం అన్న మాటకు నిజమైన బరువు వస్తుంది.

ఎంత పడాలి? చందమామలో వందో వంతు ఏడాదిలో పడితే, ఆకాశమంతా చదరపు మీటరుకు సుమారు 3,900 వాట్ల వేడి పుడుతుంది. సూర్యుడి నుంచి భూమికి సగటున అందేది 340 వాట్లే. యాభై ఏళ్లు కాదు, ఏడాది కూడా ఎవరూ మిగలరు. లక్షో వంతు పడితే అది 4 వాట్లకు దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే వచ్చే అదనపు వేడికి ఇంచుమించు సమానం. ద్రవ్యరాశి అప్పటికీ లక్ష కోట్ల టన్నుల పైమాటే. కుంగదీసే విపత్తు కావాలి, కానీ సంధి మాట్లాడటానికి మనుషులు బతికుండాలి అంటే లక్షో వంతు దగ్గరే ఆగండి.

ఓజోన్ సంగతిలో సినిమా సగం సరిగ్గానే ఉంది. శకలాలు దూసుకొచ్చినప్పుడు గాలి వేల డిగ్రీలకు వేడెక్కి నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. దాని ఒక్కో అణువు ఎన్నో ఓజోన్ అణువులను విరగ్గొడుతుంది. కానీ ఓజోన్ పోతే ఆక్సిజన్ తరగదు. భూమి మీది ఓజోనంతా నేల మట్టానికి తెచ్చి పరిస్తే 3 మి.మీ. మందం, ఆక్సిజన్ 12 కోట్ల కోట్ల టన్నులు. 50 ఏళ్ల గడువు నిలబడాలంటే తిండి మీద పెట్టండి: అతినీలలోహిత కిరణాలకు పంటలు, సముద్రపు నాచు దెబ్బతిని కరువు రావడం. పాలకులను కదిలించడానికి అది చాలు.

తెరమీద చూపిన ఉంగరం ఆకారపు పేలుడు తరంగం కంటికి అందంగానే ఉంటుంది. శూన్యంలో మాత్రం వాయువు గోళంలాగా అన్ని వైపులకూ విస్తరిస్తుంది, దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు.

మిగిలిన శిథిలాలు శనిగ్రహంలాంటి వలయంగా కలకాలం ఉండవు. ముక్కలు కలవకుండా ఆపే రోష్ హద్దు ఇక్కడ 18,400 కి.మీ. దగ్గరుంది, అవి దానికి ఎంతో బయట ఉన్నాయి కనుక మళ్లీ ఒకటవుతాయి. అప్పటిదాకా సముద్రం మీద చందమామ లాగుడు లేనట్టే. ఈ చందమామ పోటు మన చంద్రుడి పోటులో 40 శాతం, సూర్యుడిది 46 శాతం. అంటే పెద్ద పోట్లు దాదాపు సగానికి పడిపోయి, ఒక్కో రేవులో రోజూ గడియారం ప్రకారం అదే వేళకు పోటు వస్తుంది.